చేపల పులుసు సీమలో పప్పన్నం

నెల్లూరు పేరెత్తితే చాలు, తెలుగునాట ఎవరికైనా ముందు గుర్తొచ్చేది చేపల పులుసు. హైదరాబాదు పెద్ద హోటళ్ల మెనూ కార్డుల నుంచి చెన్నై హైవే పక్కన రేకుల షెడ్డు దాబాల దాకా ఆ పేరు రాయని చోటు లేదు. కొరమీను గానీ బొమ్మిడాయిలు గానీ సముద్రపు చేప గానీ తెచ్చి, చింతపండు చిక్కగా పిసికి, పుల్ల మామిడికాయ ముక్కలు వేసి, మట్టి చట్టిలో ఉడికించి, రాత్రంతా ఊరనిచ్చి మర్నాడు తినాలని అక్కడివాళ్లు చెబుతారు. అలా చెప్పేటప్పుడు వాళ్ల మొహాలు వెలిగిపోవడం చూడటం నాకు చాలా ఇష్టం. నేను మాత్రం నీచు తినను.

మాది వరంగల్ దగ్గర రైతు కుటుంబం. ఇంటిల్లిపాదీ తింటారు. పండగొచ్చినా చుట్టమొచ్చినా కోడి తెగాల్సిందే. కాలేజీ రోజుల్లో నా అంతట నేను మానేశాను. ఒక ప్రాణం తీసి తినడం నా వల్ల కాదనిపించింది, అంతే. ఇంట్లో ఉన్నంతకాలం దాంతో ఏ చిక్కూ రాలేదు. ఊళ్లు తిరగడం మొదలుపెట్టాకే తెలిసింది, తిండి విషయంలో ఒక మాట మీద నిలబడితే ప్రతి పూటా ఎవరికో ఒకరికి సంజాయిషీ చెప్పుకోవాలని. 2014లో రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం చేయించిన సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటినవాళ్లలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. మా తెలంగాణ అంతకన్నా కాస్త ఎక్కువే. దక్షిణాది అంటే ఇడ్లీ సాంబారు అనుకునే ఉత్తరాది స్నేహితులకు ఈ లెక్క చెబితే నమ్మరు.

అయితే ఆ తొంభై ఎనిమిది మందీ రోజూ మాంసమే తింటారని ఆ లెక్కకు అర్థం కాదు. నెల్లూరు నుంచి సంగం దాకా, అక్కణ్నుంచి వెనక్కి వచ్చి సముద్రం దాకా తిరిగిన ఈ ప్రయాణంలో నాకు బాగా పట్టుబడిన సంగతి ఇదే. ఈ సీమలో శాకాహారం దండిగా ఉంది. ఉన్నది మాత్రం బోర్డు పెట్టిన హోటళ్లలో కన్నా చేపలు తినే ఇళ్లలోనే ఎక్కువ.

నెల్లూరులో ఆత్మకూరు బస్సెక్కితే బుచ్చిరెడ్డిపాళెం దాటి, ముప్పై కిలోమీటర్ల చిల్లర దూరంలో సంగం వస్తుంది. అక్కడివాళ్లు ఆ దారిని ఇప్పటికీ ముంబై రోడ్డనే అంటారు. నేను వెళ్లింది ఎండలు ముదురుతున్న రోజుల్లో. కోతలు సాగుతున్నాయి. రోడ్డు వారన పట్టాల మీద వడ్లు ఆరబోసి, గాలివాటు చూసుకుని తిరగబోస్తున్నారు. ఒకప్పుడు ఈ నేల మొలగొలుకులకు పేరు. సన్నగా, తేలిగ్గా ఉండే ఆ బియ్యం గురించి పాతవాళ్లు ఇంకా చెప్పుకుంటారు. నెల్లూరు పరిశోధన కేంద్రం నుంచీ బాపట్ల నుంచీ వచ్చిన రకాలు ఇప్పుడు ఆ మళ్లను ఏలుతున్నాయి. ఏ రకమైనా సరే, ఇక్కడ భోజనమంటే ముందు అన్నం. చేపైనా పప్పైనా దాని పక్కకు వచ్చి చేరేదే.

సంగం దగ్గర పెన్నలో బీరాపేరు, బొగ్గేరు కలుస్తాయి. ఊరికి ఆ పేరు అందుకే. 1880ల్లో ఇంగ్లీషువాళ్లు ఇక్కడ ఆనకట్ట కట్టి, నీళ్లను బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి కనిగిరి రిజర్వాయరుకు మళ్లించారు. నూట ముప్పై ఏళ్లకు పైగా అదే పెన్నా డెల్టాకు తల. పాత కట్ట బలహీనపడ్డాక కొత్త బ్యారేజీ మొదలుపెట్టి, 2022 సెప్టెంబరులో ప్రారంభించారు. దివంగత మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి పేరు పెట్టారు. దాని కింద పారేది 3.85 లక్షల ఎకరాలు. పైన సోమశిల డ్యామ్, దిగువన నెల్లూరు, మధ్యన సంగం. బ్యారేజీ మీద నిలబడితే ఈ సీమ తిండి అంతా అక్కడే తెలిసిపోతుంది. ఎగువన నిండుకుండలాంటి నీళ్లు, దిగువన ఇసుక తిన్నెల మధ్య పాయలు, ఆ పాయల్లో మోకాలి లోతున నిలబడి విసురు వలలు వేసే మనుషులు. ఏ నీళ్లు మడిలో వరి పండిస్తున్నాయో ఆ నీళ్లే చేపనూ ఇస్తున్నాయి. చెరువులో, కాలవలో, వాన పడితే మడిలో కూడా చేపే. అలాంటి చోట మనుషులు చేపలు తినకపోతేనే ఆశ్చర్యపడాలి.

మధ్యాహ్నం ఊళ్లోనే రోడ్డు మీద ఒక భోజన హోటల్‌కి వెళ్లాను. బోర్డు మీద శాకాహారం, మాంసాహారం రెండూ రాసి ఉన్నాయి. విస్తరేసి, అన్నం పెట్టి, బకెట్ గరిటెతో పప్పు పోసి, వంకాయ కూర వడ్డించబోతున్న కుర్రాణ్ని ఆపి, ‘ఇందులో ఏమైనా వేశారా తమ్ముడూ’ అని అడిగాను. ‘వంకాయే అక్కా’ అన్నాడు. గిన్నెలోకి తొంగిచూశాను. నల్లవంకాయ ముక్కల మధ్య, ఎర్రటి నూనెలో, గోరంత పొడుగున ఒంపు తిరిగిన ఎండురొయ్యలు కనిపించాయి. నాలుగో ఐదో, అంతకు మించి లేవు. చూపిస్తే ఆ అబ్బాయి నిజంగానే తెల్లబోయాడు. ‘అవి వాసనకి అక్కా, కూర వంకాయదే కదా’ అన్నాడు. అతని మాటలో మోసం లేదు. తీరం ఇళ్లలో వంకాయలో, సొరకాయలో, గోంగూరలో, చింతచిగురులో గుప్పెడు ఎండురొయ్యలు వేయడం పోపులో ఆవాలు వేసినంత మామూలు సంగతి. కూరగాయలు చప్పిడిగా ఉన్న రోజున, చేప కొనలేని రోజున ఆ గుప్పెడు రొయ్యలే అన్నం దిగనిస్తాయి. పేదింటి వంటలో వాటి పని చాలా పెద్దది. శాకాహారి ప్రయాణికులకు చిక్కంతా అక్కడే ఉంది. కూర పేరులో లేని రొయ్య కూరలో ఉంటుంది.

వడ్డించేవాళ్లను అడగడం కన్నా వంటింటి గుమ్మం దాకా వెళ్లి వండేవాళ్లను అడగడం మంచిది. వంట మనిషికి ఏ చట్టిలో ఏం వేసిందీ చేతికి తెలుసు. పైగా అడిగే తీరు కూడా ముఖ్యం. ‘వెజ్ ఉందా’ అంటే ఉందనే చెబుతారు. ‘ఎండురొయ్యలు, నెత్తళ్లు ఏమీ వేయనిది ఏముంది’ అంటే ఆలోచించి చెబుతారు. అప్పడాలు వేయించిన నూనె చేపలు వేయించిందేనా, గరిటె ఒకటేనా అన్నవి ఎవరి పట్టింపును బట్టి వాళ్లు తేల్చుకోవాల్సినవి. నేను నూనె దగ్గర పట్టుబడతాను, గరిటె కడిగితే చాలనుకుంటాను. గుడ్డు సంగతి వేరే చెప్పాలి. చాలామంది లెక్కలో గుడ్డు నీచు కిందికి రాదు. ‘కూరేమీ లేదు, ఆమ్లెట్ వేయమంటారా’ అని ఎంతో ఆదరంగా అడుగుతారు. ఆ రోజు నాకు వంట మనిషే బయటికొచ్చి పప్పు, రసం, మామిడికాయ పచ్చడి, మజ్జిగ ఇవి నువ్వు తినొచ్చమ్మా అని తేల్చి చెప్పింది. విడిగా ఉల్లిపాయలు తరిగించి పెట్టింది. కొత్త మామిడికాయను సన్నగా కోరి, ఎండుమిర్చి వేయించి రోట్లో నూరిన ఆ పచ్చడితో నేను తిన్న భోజనానికి ఏ లోటూ లేదు.

పట్టణాలకొస్తే ఈ అడగడాలేవీ అక్కర్లేదు. నెల్లూరు ట్రంకు రోడ్డు చుట్టుపక్కల కోమల విలాస్ లాంటి శాకాహార భోజనశాలలున్నాయి. మద్రాసుకు దగ్గర కావడం, 1953 అక్టోబరు దాకా ఆ రాష్ట్రంలోనే ఉండటం వల్ల అరవ వంట పద్ధతి ఇక్కడ బాగా నాటుకుంది. సాంబారు, రసం, కూటు, అప్పడం వరస తప్పకుండా వస్తాయి. పొద్దున పూట ఎర్రకారం పూసిన దోశ, పులిసిన పిండితో వేసిన పులిబొంగరాలు ఉంటే నాకు మధ్యాహ్నం దాకా ఇంకేమీ అక్కర్లేదు. ఈ హోటళ్లలో నిశ్చింతగా తింటాను. కానీ వాటి చరిత్రను మరిచి తినలేను.

తెలుగులో యాత్రా రచనకు దారి వేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. తిరుగు ప్రయాణం తీరం వెంబడి, నెల్లూరు మీదుగానే. 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే ప్రతి మజిలీలోనూ నీళ్ల వసతి, అంగళ్లు, సత్రాలు, బ్రాహ్మణుల ఇళ్లు ఉన్నాయా లేవా అన్న వివరం కనిపిస్తుంది. పెద్ద పరివారంతో, వంటవాళ్లను వెంటబెట్టుకుని కదిలిన మనిషికే అంత జాగ్రత్త అవసరమైంది. ఆ కాలంలో శాకాహారి ప్రయాణమంటే తన కులంవాళ్లు వండింది దొరికే చోటు నుంచి అలాంటిదే ఇంకో చోటుకు పోవడం. సత్రాల తర్వాత కాఫీ హోటళ్లు వచ్చాయి. వాటి బోర్డుల మీద ‘బ్రాహ్మణ’ అన్న మాట చాలాకాలం ఉండేది. మాంసం వండేవి మిలిటరీ హోటళ్లయ్యాయి. మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటల్ బోర్డు మీద ఆ మాట తీసేయాలని 1957లో పెరియార్ నాయకత్వంలో ద్రావిడర్ కళగం ఆందోళన చేసింది. ఆ బోర్డు ఏం వండారో చెప్పడంతో ఆగలేదు, ఎవరు వండారో కూడా చెప్పేది. ఇవాళ ప్యూర్ వెజ్ అన్న బోర్డు చూసి నా మనసు కుదుటపడినప్పుడల్లా ఆ పాత మాట అందులో ఎంత మిగిలిందా అని ఆలోచిస్తాను. ఏం తినాలో ఎంచుకునే హక్కు నాకుంది. ఎదుటివాళ్లు తినేదాన్ని మైలగా చూసే హక్కు లేదు.

సంగంలో నేను దిగింది మా స్నేహితురాలి పెద్దమ్మ ఇంట్లో. నేనొస్తున్నానని తెలిసి పెద్దాయన పొద్దున్నే బ్యారేజీ దిగువకు పోయి చేపలు తెచ్చారు. మా స్నేహితురాలు నా సంగతి ముందే చెప్పినా, ఫోన్లో ఆ మాట ఎక్కడో జారిపోయింది. నేను విషయం చెప్పేసరికి పెద్దమ్మ చేతిలో బూడిద రాసిన చేప ఉంది.

‘ఏంది పాపా, నీసు తినవా? అయ్యోరోళ్లా మీరు?’

‘కాదు పెద్దమ్మా, రైతులమే.’

‘మరి కోమట్లా?’

‘కాదు పెద్దమ్మా. ఇంట్లో అందరూ తింటారు. నేనే మానేశాను.’

‘ఒంట్లో బాగలేదా? డాక్టరేమన్నా చెప్పినాడా?’

తినకపోవడానికి పుట్టుక గానీ రోగం గానీ కారణమై ఉండాలని ఆమె అనుకోవడంలో తప్పేమీ లేదు. ఆమె చూసిన లోకంలో అవే ఉన్నాయి. ఇష్టపడి మానేశానంటే కాసేపు నన్ను తేరిపారా చూసి, చేతిలోని చేపను గిన్నెలో పడేసి, ‘ఈ మాట నిన్న చెప్తే కాదా, నిన్న సోమారం, మేమూ తినలా’ అంది. ఆ తర్వాత వంటింట్లో గంటసేపు ఆమె మాట్లాడిన మాటలు విన్నాక ఈ సీమ తిండి గురించి నాకున్న లెక్కలన్నీ మారిపోయాయి.

సోమవారం ఆ ఇంట్లో నీచు లేదు. ఊళ్లో సంగమేశ్వరుడున్నాడు. శుక్రవారం కామాక్షమ్మ వారం, ఆ రోజూ లేదు. శనివారం వెంకటేశ్వరస్వామికి ఆమె ఒక్కపొద్దు. కార్తీకమాసం నెల పొడుగునా ఆమె ముట్టదు, పెద్దాయన మామూలు వారాలు మాత్రమే మానతారు. మాల వేసుకున్న మనిషి ఇంట్లో ఉంటే మండలం రోజులు పొయ్యి మీదికి చేప ఎక్కదు. పౌర్ణమి, అమావాస్య, ఇంట్లో పెద్దల తిథి, జొన్నవాడ తిరునాళ్లు అన్నీ ఏరుకుంటూ పోతే ఏడాదిలో సగానికి సగం రోజులు ఆ ఇల్లు నాలాగే తింటోంది. ఆదివారం చేపల పులుసును లోకమంతా ఎరుగును. సోమవారం పప్పూ పచ్చడీ సంగతి ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు.

ఇంకో సంగతి చూశాను. వంటింటి వెనక, బావి పక్కన, చేపల చట్టి వేరేగా ఉంది. దాని గరిటె వేరు. చేపలు కోసే కత్తిపీట వేరు. చేపలు వండేది పెరట్లో కట్టెల పొయ్యి మీద. లోపలి పొయ్యి మీద పాలు, పప్పు, దేవుడి నైవేద్యం. నేను హోటల్లో మొహమాటపడుతూ అడిగిన పట్టింపులన్నీ ఈ ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నాయి. నా కోసం ఎవరూ ఏదీ కొత్తగా చేయాల్సిన పని లేకపోయింది. పప్పు ఎనపడానికి ఆమె వాడింది ఉదయగిరి చెక్కగుత్తి. సంగం నుంచి ఆత్మకూరు మీదుగా పడమరగా పోతే కొండల కింద ఉదయగిరి వస్తుంది. అక్కడి ముస్లిం కుటుంబాలు అడవి కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కుతారు. ఏళ్ల తరబడి వాడిన ఆ గుత్తి చింతపండు పులుపుకు నున్నగా, నల్లగా మెరుస్తోంది.

‘చేపలు లేకపోతే ఏం, పులుసు పెడతాలే’ అని ఆమె మొదలుపెట్టింది. నిమ్మకాయంత చింతపండు నానేసింది. ఒక పుల్ల మామిడికాయను టెంకతో సహా పెద్ద ముక్కలు కొట్టింది. రెండు మునక్కాయలు, నాలుగు లేత వంకాయలు. చట్టిలో నూనె కాగాక ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు వేసి, ఉల్లిపాయలు మెత్తబడే దాకా మగ్గనిచ్చింది. కారం, పసుపు, ఉప్పు వేసి నూనెలోనే తిప్పి, అప్పుడు పులుసు పోసింది. అది తెర్లుతున్నప్పుడు మునక్కాయలు, వంకాయలు, చివర్లో మామిడికాయ. ‘మామిడికాయ ముందేస్తే చిదిమిపోయి పులుసు పిండి మాదిరి అవుతుంది’ అంది. దించబోయే ముందు వేయించి దంచిన మెంతులు, ధనియాల పొడి చల్లి మూత పెట్టింది. ‘చేపల పులుసుకీ ఇంతే. చేప స్థానంలో మునక్కాయ. మిగతాదంతా ఒకటే.’

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పెరట్లో ఉడుకుతున్న పులుసు, లోపల ఉడుకుతున్న పులుసు ఒకే వాసనతో ఇల్లంతా కమ్ముకున్నాయి. నెల్లూరు పులుసుకు పేరు తెచ్చింది చేప ఒక్కటే అనుకోవడం ఆ వంటకు అన్యాయం చేయడమే. పులుపు, కారం, మెంతుల చేదు మూడూ ఎక్కడ కలిపి ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి అది. ఆ చెయ్యికి చేప అందినా మునక్కాయ అందినా పని ఒక్కటే. నేను రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. పెద్దాయన కూడా చేపల పులుసు పక్కన పెట్టి ఇది కలుపుకుని తిన్నారు. అందరం ఒకే వరసలో కూర్చున్నాం. నా విస్తరి పక్కనే చేప ముళ్లున్న విస్తరి. దానివల్ల నా అన్నానికి ఏమీ కాలేదు. పరాయి ఊళ్లో శాకాహారులకు మర్యాద కావాలంటే ముందు తమ మొహం మీది చిరాకును ఇంట్లో వదిలి రావాలి. ఇది నేను గట్టిగా నమ్మే మాట.

వెనక్కి నెల్లూరు వచ్చి, సముద్రం వైపు ఇందుకూరుపేట దారిలో పల్లిపాడు వెళ్లాను. సంగంలో చూసిన పెన్న ఇక్కడ ఇసుక పరుచుకుని, సముద్రానికి దగ్గరపడి, మందకొడిగా ఉంటుంది. 1921 ఏప్రిల్ 7న గాంధీ ఈ ఒడ్డునే పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య దాని నిర్మాతలు. చెట్ల కింద కూర్చుంటే లండన్‌లో చదువుకునే రోజుల గాంధీ గుర్తొచ్చారు. 1888లో అక్కడికి పోయిన కుర్రాడు తల్లికిచ్చిన మాట కోసం మాంసం ముట్టక, ఉడకబెట్టిన కూరలతో అర్ధాకలితో గడిపి, శాకాహార హోటల్ కోసం రోజుకు పది పన్నెండు మైళ్లు తిరిగి, చివరికి ఫారింగ్‌డన్ వీధిలో ఒకటి పట్టుకున్నాడు. లోపలికి పోతూ ఆ గుమ్మంలోనే హెన్రీ సాల్ట్ శాకాహారం మీద రాసిన పుస్తకం కొన్నాడు. అంతవరకూ మాట కోసం తిననివాడు, అది చదివాక తన ఇష్టంతో తిననివాడయ్యానని ఆత్మకథలో రాసుకున్నారు. పుట్టుక వల్ల వచ్చిన అలవాటుకూ తానుగా ఎంచుకున్న నియమానికీ తేడా ఉందని నాకు ఏ పుస్తకమూ అంత స్పష్టంగా చెప్పలేదు. సంగంలో పెద్దమ్మ అడిగిన ప్రశ్నలకు నా దగ్గరున్న జవాబు కూడా అదే.

పల్లిపాడు దాటితే రొయ్యల గుంటలు మొదలవుతాయి. 1990ల్లో టైగర్ రొయ్యతో వచ్చిన డబ్బు, తెల్లమచ్చ తెగులుతో పోయిన డబ్బు రెండూ ఈ తీరం చూసింది. 2009 తర్వాత వనామి వచ్చింది. గుంటల్లో నీళ్లు చిలికే చక్రాల చప్పుడు మైపాడు దాకా వినిపిస్తూనే ఉంటుంది. ఆ రొయ్యల్లో ఎక్కువ భాగం పరదేశాల పళ్లేలకు పోతుంది.

మైపాడు పక్కన ఒక పట్టపుపాళెంలో, వలలు బాగుచేసుకుంటున్న వాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడుతుంటే భోజనం వేళైంది. ఇంటావిడ తినిపొమ్మంది. నీచు తిననంటే ఆమె ముఖంలో కనిపించింది సంగంలో నేను చూసిన ఆశ్చర్యం కాదు, ఇబ్బంది. ఆ ఇబ్బంది ఏమిటో అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. పడవ మీద తెచ్చిన చేపల్లో ఇంటికి దాచుకునే వాటా ఉంటుంది, దానికి డబ్బు పెట్టక్కర్లేదు. కూరగాయ మాత్రం నెల్లూరు నుంచి ఆటోలో రావాలి, కొనాలి. ఉప్పునేలలో పాదు పెట్టినా రాదు. నా శాకాహారం ఆ ఇంట్లో చేప కన్నా ఖరీదైనది. పొలం ఉన్న ఊళ్లో పప్పన్నం అడగడం చిన్న కోరిక. వేట మీద బతికే పాళెంలో అదే కోరిక పెద్ద ఖర్చు. ఈ తేడా తెలియని శాకాహారి తన నియమాన్ని ఎదుటివాళ్ల జేబులోంచి నిలబెట్టుకుంటున్నట్టే.

కూర వద్దని గట్టిగా చెప్పాను. అన్నం, ఉల్లిపాయ, చింతపండు ఉంటే చాలన్నాను. ‘పచ్చిపులుసు తింటావా?’ అని ఆమె ముఖం విప్పారింది. వేట లేని రోజుల్లో వాళ్లకు అదే కూరట. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, తూర్పు తీరమంతటా మరపడవల వేట ఆపేస్తారు. ఆ అరవై ఒక్క రోజులకు ప్రభుత్వం భృతి ఇస్తుంది గానీ అది ఎప్పుడు చేతికొస్తుందో దాన్ని బట్టి వంట. ముందు ఎండబెట్టి దాచుకున్న చేపలు, అవి అయిపోతే పచ్చిపులుసు, పప్పుచారు, సద్దన్నంలో పచ్చిమిరపకాయ.

‘ఆ రెండు నెల్లూ మేమూ నీ మాదిరే’ అంది.

కాదక్కా అన్నాను. నేను వద్దనుకుని మానేశాను, మీకు లేక మానాల్సి వస్తోంది, రెండూ ఒకటెట్లా అవుతాయి అన్నాను. ఆమె ఒప్పుకుంది, కానీ అంతగా పట్టించుకోలేదు. చింతపండు పిసికి, నీళ్లు పోసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి చేత్తోనే నలిపి, చిటికెడు బెల్లం వేసింది. పొయ్యి వెలిగించలేదు. వేడన్నంలో ఆ చల్లని పులుసు పోసుకుని తింటుంటే చెమట పట్టిన ఒళ్లు తేటపడింది.

‘మీ వైపు ఎట్ట చేస్తారు?’ అని అడిగింది.

మా వరంగల్ వైపు మిరపకాయలు నిప్పుల మీద కాల్చి నలుపుతామని, నువ్వులు వేయించి దంచిన పొడి కలుపుతామని చెప్పాను. బెల్లం వేస్తామా అంటే, మా ఇంట్లో వేయరు, పక్కింట్లో వేస్తారు అన్నాను. ఆమె నువ్వుల దగ్గర ఆగింది. పొడి ముందు కలపాలా, తినబోయే ముందా? ముందే కలిపితే చిక్కబడిపోదా? తినబోయే ముందే కలపాలి, నువ్వులు మాడకూడదు, చిటపటమనగానే దించేయాలి అన్నాను. గుంజకు ఆనుకుని వింటున్న వాళ్లత్త, నువ్వులు ఇంట్లోనే ఉండాయి, సంక్రాంతికి తెచ్చినవి మిగిలినాయి, రేపు చేద్దామే అంది.